నారోబోట్ కొనేముందు అడుగుభాగం చూడండి

ప్ర: మా అబ్బాయి బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అద్దెలు భరించలేక కాలువ మీద నారోబోట్ (సన్నటి, పొడవాటి పడవ) కొనుక్కుని అందులోనే ఉంటానంటున్నాడు. 57 అడుగుల పాత బోటు ఒకటి చూశాడట. లోపల చెక్కపని, వంటగది కొత్తగా ఉన్నాయని రేపో మాపో అడ్వాన్సు ఇచ్చేలా ఉన్నాడు. ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్

జ: పొడవు బాగానే ఎంచుకున్నాడమ్మా. ఈ బోట్ల వెడల్పు ఎలాగూ 6 అడుగుల 10 అంగుళాలే. అక్కడి సన్నపాటి లాకులు (నీటిమట్టం మార్చి పడవలను దాటించే గేట్లు) 7 అడుగులు మరి. బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల 70 అడుగుల బోటు కూడా తిరుగుతుంది గానీ, ఉత్తరాన యార్క్‌షైర్ వైపు కొన్ని లాకులు పొట్టివి. 57 అడుగులైతే దాదాపు అన్ని కాలువల్లోనూ పడుతుంది.

అడ్వాన్సు మాత్రం ఇప్పుడే వద్దు. ఇవ్వక తప్పదనుకుంటే, సర్వేలో, అంటే నిపుణుడి తనిఖీలో, లోపం బయటపడితే డబ్బు వాపసు ఇస్తామని రాయించుకున్నాకే ఇవ్వమనండి. చెక్కపని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. నీళ్లలో మునిగి ఉండే ఉక్కు అలా కాదు, బోటు ఖరీదంతా దానిమీదే ఉంది. ఇప్పటి బోట్లకు సాధారణంగా అడుగు రేకు 10 మిల్లీమీటర్లు, పక్కలు 6, పైన క్యాబిన్ 4 ఉంటాయి. పాతవాటిలో మొదటినుంచే పల్చన కావచ్చు. బోటును నీళ్లలోంచి బయటికి తీయించి, అల్ట్రాసోనిక్ గేజ్‌తో చాలా చోట్ల మందం కొలిపించాలి. సర్వేయర్‌ను మీ అబ్బాయే పెట్టుకోవాలి, అమ్మేవాళ్లు చూపించిన మనిషి వద్దు. నీటిమట్టం దగ్గర, అడుగు రేకు అంచుల్లో, ఇంజను కింద నీళ్లు నిలిచే చోట తుప్పు ఎక్కువ. సగటు మందం బాగున్నా ఒక్క లోతైన గుంట చాలు, రేకు తూటు పడటానికి. 4 మిల్లీమీటర్ల కంటే తగ్గితే చాలా బీమా కంపెనీలు పాలసీ ఇవ్వవు. అప్పుడు పైన కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. దానికి వేల పౌండ్లు అవుతాయి, బరువు పెరిగి బోటు ఇంకాస్త కిందికి దిగుతుంది.

తార్లాంటి బిటుమెన్ పూత రెండు మూడేళ్లకోసారి వేయించి ఉండాలి, ఆ బిల్లులు అడగమనండి. ఒడ్డు కరెంటుకు తగిలించే బోటైతే గాల్వానిక్ ఐసొలేటర్ (తుప్పు తెచ్చే చిన్న కరెంటును ఎర్త్ వైరులో ఆపే పరికరం) ఉందో లేదో చూడాలి. అది లేకపోతే ఎర్త్ వైరు ద్వారా మీవాడి బోటు పక్క బోట్లతో కలిసి, తుప్పు ఆపే మెగ్నీషియం ఆనోడ్లు త్వరగా అరిగిపోతాయి. ఆ తరవాత తినేది రేకునే.

నాలుగేళ్లకోసారి ఇచ్చే బోట్ సేఫ్టీ సర్టిఫికెట్ చూపించి ‘అంతా బాగుంది’ అంటే నమ్మవద్దు. అది గ్యాస్, ఇంధనం, నిప్పు ప్రమాదాల గురించే. రేకు సంగతి అందులో ఉండదు. మన బండ్లకున్నట్టు ఆర్‌సీ పుస్తకం కూడా ఉండదు కాబట్టి అమ్మకపు పత్రం, పాత బిల్లులు, అప్పు బాకీ లేదన్న రుజువు తీసుకోవాలి. పాత యజమాని లైసెన్సు బదిలీ కాదు, అక్కడి కాలువలు చూసుకునే సంస్థ కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ దగ్గర కొత్తగా తీసుకోవాలి.

ప్ర: అందులో కుక్కరు, మిక్సీ నడుస్తాయా? చలికి తట్టుకోగలడా?

జ: కుక్కరు హాయిగా నడుస్తుంది. అక్కడ వాడేది 13 కిలోల ప్రొపేన్ సిలిండర్. బ్యూటేన్ అయితే గడ్డకట్టే చలిలో ఆవిరి కాదు. గ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి సిలిండర్ పెట్టే గూటి అడుగుభాగంలో, బోటు బయటికి తెరుచుకునే రంధ్రం ఉండాలి. లీకైన గ్యాస్ లోపలికి చేరితే కిందే పేరుకుపోతుంది.

750 వాట్ల మిక్సీ ఇన్వర్టర్ మీద నడిస్తే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 70 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఐదు నిమిషాల పచ్చడికైతే ఫర్వాలేదు. కరెంటు హీటరు, ఇండక్షన్ పొయ్యి మాత్రం వద్దు. లెడ్ యాసిడ్ బ్యాటరీలను సగం కంటే కిందికి దించితే త్వరగా పాడవుతాయి, అంటే 400 ఆంపియర్ అవర్లలో చేతికొచ్చేది 200. చలికాలంలో సోలార్ దాదాపు లెక్కలోకి రాదు. ఇంజను నడిపే ఛార్జ్ చేసుకోవాలి, అదీ పక్కన వేరే బోట్లుంటే రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా నడపకూడదు.

వెచ్చదనానికి పొగరాని బొగ్గు పొయ్యి ఉంటుంది. చలి వేస్తోందని గాలి కన్నాలకు గుడ్డలు కుక్కితే కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలు పోతాయి. అలారం తప్పనిసరి, నొక్కి మోగుతోందో లేదో చూడమనండి. గోడల్లో స్ప్రే ఫోమ్ ఉంటే మేలు. పాత బోట్లలో థర్మోకోల్ పెట్టేవారు. అది పీవీసీ వైర్లకు తగిలితే వాటి తొడుగు పెళుసెక్కి పగులుతుంది.

ప్ర: టాయిలెట్ ఎలా?

జ: క్యాసెట్ (కింద బయటికి తీయగలిగే పెట్టె) రకం తీసుకోమనండి, ఇంకో ఖాళీ క్యాసెట్ అదనంగా ఉంచుకోవాలి. ఒక్క మనిషికి ఒకటి కొద్ది రోజులు వస్తుంది, నిండితే చేత్తో మోసుకెళ్లి పారబోయవచ్చు. పంపుతో తోడించే రకానికి ప్రతిసారీ డబ్బు కట్టాలి. కాలువ గడ్డకడితే బోటు ఆ పంపు దాకా వెళ్లదు.

ప్ర: ఆఫీసు దగ్గరే కట్టేసుకుని ఉండొచ్చా?

జ: సొంత మూరింగ్ (బోటు కట్టేసుకునే చోటు) లేకపోతే, మామూలుగా ఒకచోట 14 రోజులకు మించి ఉండకూడదు. రెండు వంతెనల మధ్య అటూ ఇటూ తిప్పితే చాలదు, నిజంగా ప్రయాణం సాగాలి. లేదంటే లైసెన్సు పోయే ప్రమాదం ఉంది. స్థిరంగా ఉండాలనుకుంటే నివాసానికి అనుమతి ఉన్న మూరింగ్ ముందు వెతుక్కోవాలి. సెలవు రోజుల్లో వాడుకునే బోట్ల కోసం ఇచ్చే మూరింగ్‌లో కాపురం పెట్టడానికి ఒప్పుకోరు. నివాసానికి అనుమతి ఉన్నది దొరికాకే బోటు బేరం మొదలుపెట్టమనండి.