యుద్ధం లేని రోజుల్లో సైన్యం మీద ఖర్చు పెంచడం అవసరమా?

అవసరమే. కానీ ఎంత పెంచాం అన్నదానికంటే దేనికి పెట్టాం అన్నదే ముఖ్యం.

మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా. ఇక్కడి సునాబెడలో ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ ఇంజిన్ల కర్మాగారం ఉంది. 1962 చైనా యుద్ధం తర్వాత మిగ్-21 యుద్ధ విమానాల ఇంజిన్ల కోసం పెట్టారు. మా తెలుగు కుటుంబాలు చాలా దాని మీద ఆధారపడి బతికాయి. ఇప్పుడు సుఖోయ్-30 ఇంజిన్లు అక్కడే తయారవుతున్నాయి. 2024 సెప్టెంబరులో 240 ఇంజిన్లకు 26 వేల కోట్ల రూపాయల పైచిలుకు ఒప్పందం కుదిరింది. అవన్నీ అందడానికి ఎనిమిదేళ్లు! యుద్ధం వచ్చాక ఆర్డర్ ఇవ్వడమంటే ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే. మన దేశంలోనే రూపొందించిన తేజస్ యుద్ధ విమానం సంగతే చూడండి: 1983లో మొదలైన పని, 2016లో గానీ వాయుసేన స్క్వాడ్రన్‌లో చేరలేదు.

1962లో మన జవాన్లు సరైన చలిబట్టలు, బూట్లు లేకుండానే మంచుకొండల మీద పోరాడారు. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అయితే బడ్జెట్ అంకె పెరిగినంత మాత్రాన ఆధునికీకరణ జరిగిపోదు. 2025-26లో రక్షణకు ఇచ్చింది సుమారు 6.81 లక్షల కోట్లు. కొత్త ఆయుధాలు, పరికరాల లాంటి వాటికి దక్కింది అందులో దాదాపు 1.8 లక్షల కోట్లే. జీతాలు, పింఛన్లకే చాలా పోతుంది. పింఛను ఆపమని నేను అనను, అది వాళ్ల హక్కు. పెంచే ప్రతి రూపాయీ ముందు పరిశోధనకు, డ్రోన్లకు, మందుగుండు నిల్వలకు వెళ్లాలంటాను. ఆసుపత్రుల డబ్బు కోసి మాత్రం కాదు. మా కొండ ఊళ్లలో రోగిని డోలీలో మోసుకెళ్లే దారులు ఇంకా ఉన్నాయి.