షెడ్డు కబుర్లు: మస్టాంగ్ బేరం

ప్రశ్న: మేస్త్రీ గారికి నమస్కారం. మాది రాయగడ, రైస్ మిల్లు ఉంది. హైదరాబాద్‌లో ఒకాయన 1967 ఫోర్డ్ మస్టాంగ్ అమ్ముతున్నాడు. ఎర్ర రంగు, వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్, పక్కన జీటీ (స్పోర్ట్స్ ప్యాకేజీ) బ్యాడ్జీలు. ‘ఒరిజినల్ జీటీ, నంబర్లన్నీ మ్యాచింగే’ అంటున్నాడు, అంటే ఇంజిన్ కూడా ఆ బండితో వచ్చినదేనట. ఫొటోలతో పాటు డోర్ ప్లేటు మీది నంబరు పంపాడు. 7ఆర్01టి అని మొదలవుతుంది. అడ్వాన్సు పంపమని తొందర పెడుతున్నాడు, నాకు టెన్షన్‌గా ఉంది. పెళ్లి ఊరేగింపులకు అద్దెకిస్తే ఖర్చులో కొంత తిరిగొస్తుందని మా బావమరిది సలహా. కొనమంటారా?
– పేరు వేయవద్దు, రాయగడ

జవాబు: బాబూ, అడ్వాన్సు పంపకండి. అతను పంపిన నంబరే అతని మాట అబద్ధమని చెబుతోంది.

ఆ కాలం ఫోర్డ్ నంబరును అక్షరం అక్షరంగా చదవొచ్చు. మొదటి 7 అంటే 1967 మోడల్. ఆర్ అంటే కాలిఫోర్నియాలోని శాన్ హోసే ఫ్యాక్టరీ. 01 అంటే హార్డ్‌టాప్, కదలని రేకు టాపున్న బండి. టాపు వెనక్కి ఏటవాలుగా జారే ఫాస్ట్‌బ్యాక్ అయితే 02, టాపు మడిచేదైతే 03. అయిదో చోట ఉండేది ఇంజిన్ అక్షరం. టి అంటే 200 క్యూబిక్ అంగుళాలు, అంటే 3.3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, 120 హార్స్‌పవర్. వి8 అయితే అక్కడ సి గానీ ఏ గానీ ఉండాలి. అవి 289 అంగుళాలవి, 4.7 లీటర్లు. కె ఉంటే అదే 289, కానీ 271 హార్స్‌పవర్. ఎస్ ఉంటే పెద్దది, 390 అంగుళాలది. జీటీ ప్యాకేజీ వి8 బండ్లకే ఇచ్చారు కాబట్టి టి నంబరుతో ఫ్యాక్టరీ నుంచి జీటీ వచ్చే ప్రసక్తే లేదు. తర్వాతెవరో వి8 ఎక్కించి బ్యాడ్జీలు కొట్టారు. అమ్మేవాడు తెలిసి అంటున్నాడో తెలియక అంటున్నాడో మనకనవసరం. ధర మాత్రం జీటీ ధరే అడుగుతాడు.

ఇంజిన్ మార్చడం పాపమేమీ కాదు. నేను ఒడిశా జైపూరులో షెడ్డు నడిపిన రోజుల్లో పెట్రోలు జీపులకు డీజిల్ ఇంజిన్లు ఎన్ని ఎక్కించామో లెక్కలేదు. ఇంజిన్ ఒక్కటే మార్చి మిగతాది వదిలేశారా అన్నదే చూడాలి. వీల్ క్యాప్ తీయించి నట్లు లెక్కపెట్టండి. ఆరు సిలిండర్ల మస్టాంగ్‌కు చక్రానికి నాలుగు నట్లు, వి8కి అయిదు. నాలుగే కనిపిస్తే యాక్సిల్, బ్రేకులు చిన్న ఇంజిన్‌కి చేసినవే అన్నమాట. సాలూరు ఘాట్‌లో అలాంటి బండి నేనైతే ఎక్కను.

కాగితాల దగ్గరా ఇదే చిక్కు. ఆర్సీలో సిలిండర్ల సంఖ్య, సీసీ రాసి ఉంటాయి. అక్కడ ఆరు అని ఉండి బానెట్ కింద ఎనిమిది ఉంటే రాయగడ ఆర్టీఓ ఆఫీసులో ఇనస్పెక్టరు వదలడు. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం వింటేజ్‌గా గుర్తించాలంటే బండికి 50 ఏళ్లు దాటాలి, చాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలి. కొత్తగా రిజిస్టర్ చేస్తే వీఏ సిరీస్ నంబరు వస్తుంది. ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, రెన్యువల్ 5,000. ఇప్పటికే రిజిస్టరైన బండికి పాత నంబరు ఉంచుకోవచ్చు. అయితే వింటేజ్ బండి రోడ్డెక్కేది ర్యాలీకి, ప్రదర్శనకి, పెట్రోలుకి, రిపేరుకి. రోజువారీ వాడకం, వ్యాపారం కుదరదు. మామూలు ప్రైవేటు నంబరు ఉన్నా అద్దెకివ్వడం చెల్లదు. మీ బావమరిది గారికి నా మాటగా చెప్పండి.

డోర్ ప్లేటును నమ్మకండి. కొత్తది అచ్చు వేయించి రివెట్లు కొట్టేవాళ్లున్నారు. అసలు నంబరు బానెట్ ఎత్తితే డ్రైవర్ వైపు, అంటే ఆ బండిలో ఎడమ పక్క, లోపలి రేకు మీద చెక్కి ఉంటుంది. దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ ప్రింట్ పంపమనండి. ఆర్సీతో ఒక్క అక్షరం తేడా లేకుండా కలవాలి. నసిగితే బేరం అక్కడితో సరి.

ఇక బాడీ. ఇంజిన్ పోతే తెచ్చి పెట్టుకోవచ్చు, బాడీ కుళ్లితే డబ్బంతా అక్కడే పోతుంది. మస్టాంగ్‌కు లారీలా విడి ఫ్రేము లేదు, బాడీయే చాసిస్. ముందు అద్దం కింద గాలి పీల్చే జాలీ ఉంటుంది. ఆకులు అందులో పడి నాని, లోపలి రేకును పైకి కనబడకుండా తినేస్తాయి. ఒక చెంబు నీళ్లు అందులో పోయించి, డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి చూడండి. లోపల కార్పెట్ తడిసిందంటే స్పాట్ వెల్డింగులు తెంచి చేసే పని ఉంది, మామూలు టింకరింగ్‌తో పోదు. డిక్కీ నేల, వెనక చక్రాల పైరేకు, ముందు సీట్ల కింద కూడా చూడండి. అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి రేకు మీద జరిపితే లప్పం దట్టంగా ఉన్నచోట పట్టు జారిపోతుంది. ఫొటోల్లో ఎర్ర రంగు మెరవడం తప్ప ఇదేమీ తెలియదు. స్వయంగా వెళ్లండి, పగటిపూట వెళ్లండి.

ఇంకో మాట. స్టీరింగ్ ఎడమ పక్క ఉన్న బండి మన రోడ్ల మీద తిరగాలంటే, మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ ప్రకారం, సిగ్నల్ ఇచ్చే పరికరం పనిచేస్తూ ఉండాలి. చట్టం సంగతి అటుంచి, ముందు లారీ ఉంటే ఓవర్‌టేక్‌కి మీకు దారి కనబడదు. కుడి పక్క సీట్లో బుర్రున్న మనిషి కూర్చోవాలి.

‘ఆరు సిలిండర్ల హార్డ్‌టాప్, ఇంజిన్ మార్చిన బండి’ అని అతను ఒప్పుకుని ధర బాగా దించి, ఆ మార్పు ఆర్సీలో ఎక్కి ఉండి, బాడీ గట్టిగా ఉంటే తీసుకోండి. పాత ఆర్టీఓ ఇచ్చే ఫారం 28 ఎన్ఓసీ, బండి మీ పేరుకు మార్చడానికి అతను సంతకాలు పెట్టిన 29, 30 ఫారాలు చేతికొచ్చాకే మిగతా డబ్బు.

ప్రశ్న: టెక్సస్‌లో ఉన్న మా అన్నయ్య 1970 డాడ్జ్ ఛాలెంజర్ చూశాడు. బరంపురం తెప్పించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: తెప్పించుకోవచ్చు. మునుపు 1950కి ముందు బండ్లకే వెసులుబాటు ఉండేది. 2025లో దాన్ని 50 ఏళ్లు దాటిన బండ్లకు వర్తింపజేశారు, దిగుమతి లైసెన్సు అక్కర్లేదు. కానీ సుంకాలు, పన్నులు కలిపితే కారు ధరనే మించుతాయి. ముందు ఒక కస్టమ్స్ ఏజెంటుతో లెక్క వేయించండి. కస్టమ్స్‌లో ఇచ్చే బిల్ ఆఫ్ ఎంట్రీని భద్రంగా దాచండి, అది లేకుండా ఇక్కడ రిజిస్ట్రేషన్ జరగదు.

ఛాలెంజర్ నంబరులో కూడా అయిదో అక్షరమే ఇంజిన్‌ది. 1970లో ఆర్ ఉంటే 426 అంగుళాల హెమీ అనే పెద్ద వి8 ఇంజిన్, ధర ఆకాశంలో ఉంటుంది. వెనక సీటు స్ప్రింగుల్లో, బండికి ఏమేమి బిగించారో రాసిన ఫ్యాక్టరీ కాగితం ఇరుక్కుని ఉంటుందేమో వెతకమనండి, చాలా బండ్లలో దొరికింది. అన్నయ్య మనసు షెవర్లే మీదకు మళ్లితే జాగ్రత్త. 1972కి ముందు షెవర్లే నంబరు చూసి ఏ ఇంజిన్‌తో వచ్చిందో చెప్పలేం, ఫ్యాక్టరీ కాగితాలే సాక్ష్యం.

ప్రశ్న: విశాఖలో కొందామనుకున్న పాత అమెరికన్ కారు స్టార్ట్ అయి ఆగిపోతోంది, లోపల పెట్రోలు వాసన. వదిలేయాలా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: దానికే వదిలేయకండమ్మా, బేరానికి వాడుకోండి. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. అరవైల నాటి రబ్బరు గొట్టాలు, ఫ్యూయెల్ పంపు డయాఫ్రం దానికి తట్టుకోవు. అవన్నీ ఇథనాల్‌కు ఆగే రకానివి వేయించి, కార్బురేటరు విప్పి కడిగిస్తే చాలావరకు దారికొస్తుంది. అంతవరకు బండి నడపవద్దు, నిప్పు భయం ఉంది. పని మాత్రం అంబాసిడర్లు చూసిన పాత మేస్త్రీకివ్వండి. ఈ బోల్టులకు ఇంచు పానాలు కావాలి. మిల్లీమీటరు పానాలతో తిప్పితే బోల్టు తలలు అరిగిపోతాయి.