కొట్టులో మూలపడ్డ అంబాసిడర్ కొనొచ్చా? ముందు కారు అడుగు చూడండి, సీ-బుక్కు అడగండి

బొబ్బిలి దగ్గర మీ బంధువుల ధాన్యం కొట్టులో 1974 నాటి అంబాసిడర్ పాతికేళ్లుగా కదలకుండా ఉందని, ఇంజిన్ పట్టేసిందని (లోపల బిగుసుకుపోయి తిరగట్లేదని) మెకానిక్ అన్నాడని, కొనాలా వద్దా అని అడిగారు. ఇంజిన్ పట్టేసిందని వెనక్కి తగ్గకండి. అది నయమయ్యే జబ్బే. కొంప ముంచేవి కారు అడుగు, కాగితాలు, ముఖ్యంగా సీ-బుక్కు అనే రిజిస్ట్రేషన్ పుస్తకం.

ఎనిమిదేళ్ల కిందట చీపురుపల్లి దగ్గర ఒక పల్లెకి పెళ్లికి వెళ్లాను. బండి పెట్టుకోవడానికి నీడ వెతుక్కుంటుంటే, పశువుల సాలలో గడ్డిమోపుల వెనక గళ్ల గ్రిల్ ఒకటి కనబడింది. 1968 మార్క్ 2 అంబాసిడర్. టైర్లు మట్టిలోకి దిగిపోయాయి, వెనక చక్రం మీదికి చెదపుట్ట పాకింది, సీటు పీచులో ఎలుకలు గూడు పెట్టాయి. డ్యాష్‌బోర్డు మీద సింహాచలం అప్పన్న పటం మాత్రం చెక్కు చెదరలేదు. అది చూశాక దాన్ని పాత ఇనుము అనడానికి నోరు రాలేదు.

ఆ ఇంటి పెద్దావిడ ఒకటే మాట అన్నారు: “మా మామగారి కారు బాబూ. తూకానికైతే ఇవ్వం. నడిపిస్తానంటే చెప్పు.” నాలుగుసార్లు వెళ్లి వాళ్ల అరుగు మీద కూర్చున్నాకే ధర మాట వచ్చింది. మీరు కూడా వెళ్లగానే రేటు ఎత్తకండి. మనకి అది దొరికిన కారు, వాళ్లకి ఇంట్లో మనిషి లాంటిది.

ఇక అడుగు సంగతి. అంబాసిడర్‌కి జీపులా విడిగా ఛాసిస్ (కింది ఇనుప చట్రం) ఉండదు. బాడీయే ఛాసిస్. ముందు చక్రాల బరువు మోసే టార్షన్ బార్లు (స్ప్రింగుల్లా పనిచేసే ఇనుప కడ్డీలు) వెనక్కి సాగి, కారు అడుగున ఉండే అడ్డపట్టీకి బిగించి ఉంటాయి. ఆ పట్టీ తుప్పుపట్టి పోయిందంటే కారు పోయినట్టే. గోనె పరుచుకుని కిందికి దూరండి. చేతిలో స్క్రూడ్రైవరు, చిన్న అయస్కాంతం ఉండాలి. నా కారులో డ్రైవరు కాళ్ల దగ్గర స్క్రూడ్రైవరు నొక్కితే రేకు అప్పడంలా విరిగింది. అడ్డపట్టీ మీద కొడితే మాత్రం ఖంగుమంది. ఆ చప్పుడు విన్నాకే కొనాలని నిర్ణయించుకున్నాను. అయస్కాంతం అంటుకోని చోట రంగు కింద పుట్టీ ఉందని గుర్తు. తలుపుల కింది పట్టీల దగ్గర తప్పకుండా చూడండి. రేకు పని సాలూరులో చేయించాను. లారీ బాడీలు కట్టే ఊరు కాబట్టి టింకరింగ్ మేస్త్రిలకు మంచి చెయ్యి ఉంది. మూడు వారాలు, డెబ్బై వేలు అయింది.

ఇంజిన్‌కి ఓపిక ఒక్కటే మందు. పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకండి, ట్రాక్టరుతో లాగించకండి. అంతకుముందు ఒక ఫియట్‌ని అలా లాగించి పిస్టన్ రింగులు విరగ్గొట్టాను, ఆ బాధ ఇప్పటికీ పోలేదు. ఈసారి నాలుగు ప్లగ్గులూ తీసి, సిలిండర్లలో డీజిలూ గేర్ ఆయిలూ కలిపి పోసి వదిలేశాను. రోజూ ఇంజిన్‌ని చేత్తో తిప్పే హ్యాండిల్ పెట్టి మెల్లగా నొక్కి చూసేవాణ్ని. పదకొండో రోజు సాయంత్రం అది జానెడు దూరం తిరిగింది. యాభై ఏళ్ల నాటి 1489 సీసీ ఇంజిన్ చేతికింద కదిలిన ఆ క్షణం ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను. ఆ తర్వాత పాత ఆయిల్ మొత్తం తీసేసి, పెట్రోల్ ట్యాంకు విప్పి కడిగించాను. రబ్బరు పైపులూ పెట్రోల్ పంపు డయాఫ్రమూ కొత్తవి వేయించండి. ఇప్పుడు పోసే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరు దానికి ఆగదు.

కాగితాల దగ్గర నాకు మూడు నెలలు వృథా అయ్యాయి. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. అంతకుముందు చీపురుపల్లి, బొబ్బిలి, సాలూరు తాలూకాలు శ్రీకాకుళం జిల్లాలో ఉండేవి. అది తట్టక విజయనగరం రవాణా ఆఫీసు చుట్టూ తిరిగాను, కారు రిజిస్ట్రేషన్ రికార్డేమో శ్రీకాకుళంలో ఉంది. మీ కారుదీ అదే కథ కావచ్చు, నేరుగా అక్కడ అడగండి. సీ-బుక్కు పోయిందంటే నమ్మేయకండి, పొలం దస్తావేజులున్న ట్రంకుపెట్టె తీయించండి. నాది అందులోనే దొరికింది. యజమాని చనిపోయి ఉంటే ముందు వారసుల పేరు మీదికి మార్పించాలి. దానికి ఫారం 31, మరణ ధ్రువపత్రం కావాలి. మిగతా వారసుల సంతకాలు కూడా ముందే తీసుకోండి.

మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటితే, 2021లో వచ్చిన నిబంధన ప్రకారం వింటేజ్ వాహనంగా ‘వీఏ’ అక్షరాలున్న నంబరు తీసుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే అలాంటి కారుని ప్రదర్శనకో ర్యాలీకో తీయాలి తప్ప రోజూ తిప్పకూడదు. పైగా బాడీ, ఇంజిన్ మార్చేసి ఉండకూడదు. అప్పట్లో చాలామంది అంబాసిడర్లలో డీజిల్ ఇంజిన్లు దించారు, కాబట్టి ఇంజిన్ నంబరు సీ-బుక్కుతో సరిపోల్చి చూసుకోండి.

ఆలస్యం మాత్రం చేయకండి. శ్రీకాకుళంలో ఒక పెంకుటింటి వెనక స్టాండర్డ్ హెరాల్డ్ అనే పాత కారు చూసి, దీపావళి అయ్యాక వస్తానని చెప్పి వచ్చేశాను. తిరిగి వెళ్లేసరికి తూకానికి అమ్మేశారు, గోడ పక్కన నూనె మరక మిగిలింది. ఈ ఆదివారమే వెళ్లి, టార్షన్ బార్లు బిగించిన చోటు ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. చూసి చెప్తాను.