పన్ను పీకించకు, ముందు బయాప్సీ చేయించు

బుజ్జీ,

ఫోటో చూశాను. మీ మామగారికి పై చిగుళ్ల మీద నేరేడుపండు రంగు ఉబ్బు, పక్క పన్ను కదలడం, నొప్పి లేకపోవడం... మీ పెదనాన్నకీ అచ్చం ఇలాగే మొదలైంది. వక్కపొడి కూడా ముట్టని మనిషికి ఏమవుతుందిలే అనుకున్నాం. ఇక్కడ చెన్నైలోనే ఒక డెంటిస్టు పన్ను పీకేసి, దాంతోపాటు ఊడొచ్చిన మెత్తటి కండని దూదిలో చుట్టి చెత్తబుట్టలో పడేస్తుంటే నేను చూస్తూ ఊరుకున్నాను. ఆ గుంట నెలన్నరైనా మానలేదు, అక్కడే మళ్ళీ కండ పెరిగింది.

అందుకే పన్ను జోలికి పోనివ్వకు, ముక్క తీసి బయాప్సీకి పంపమను. తీసేముందు ప్లేట్‌లెట్లు చూడాలి, రక్తం ఆగకపోతే కష్టం. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ ఇస్తామంటే బయాప్సీ అయ్యేదాకా ఆగమను, అది లింఫోమా అనే రక్తకణాల క్యాన్సర్ అయితే గడ్డ కొన్నాళ్ళు కరిగిపోయి రిపోర్టు తికమక పెడుతుంది.

ఇలాంటివి ఎక్కువగా మామూలు చిగుళ్ల జబ్బులే, టెన్షన్ పడకు. కానీ అరుదుగా రక్తకణాల నుంచి పుట్టే గడ్డలు నోట్లోనూ వస్తాయి. లింఫోమా, ప్లాస్మా అనే రకం కణాలు గడ్డకట్టే ప్లాస్మాసైటోమా, ల్యుకేమియా అంటే బ్లడ్ క్యాన్సర్ కణాలే గడ్డకట్టే మైలాయిడ్ సార్కోమా. ఈ చివరిది ల్యుకేమియా బయటపడటానికి నెలల ముందే కనిపించొచ్చు, కాబట్టి రక్తకణాల లెక్క చూసే సీబీసీ నార్మల్ అని ఊరుకోవద్దు. మైక్రోస్కోపులో వీటిని ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకునే ప్రమాదం ఉంది, కణాలు ఏ రకమో రంగులతో తేల్చే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ పరీక్ష చేయించారా అని మొహమాటపడకుండా అడుగు. పేరు సరిగ్గా తేలడమే ముఖ్యం తల్లీ, మామూలు నోటి క్యాన్సర్‌కి దవడ కోయాల్సి రావచ్చు, వీటికి చాలావరకు కోతే ఉండదు, రేడియేషనో కీమోనో ఇస్తారు.

పెదనాన్నది ప్లాస్మాసైటోమా అని తేలాక, అవే కణాలు ఎముక మజ్జంతా పాకే మైలోమా ఉందేమోనని రక్తం, మూత్రం, ఎముక మజ్జ, పెట్ స్కాన్ అన్నీ చూశారు. ఎక్కడా లేదు, రేడియేషన్‌తోనే పోయింది. అయినా తర్వాత మైలోమాగా మారొచ్చని ఇప్పటికీ పరీక్షలు చేయిస్తూనే ఉన్నాం. మీకూ రేడియేషన్ అంటే మాత్రం పుచ్చిపళ్ళ సంగతి ముందే చూసుకోండి, తర్వాత పీకిస్తే దవడ ఎముక ఒక పట్టాన మానదు.

నెల్లూరులో బయాప్సీ చేయిస్తే రిపోర్టు ఒక్కటే తీసుకుని రావద్దు. మెంతిగింజంత ముక్కని మైనంలో పెట్టి ఇస్తారు, దాన్ని బ్లాక్ అంటారు, అదీ స్లైడ్లూ అడిగి తెచ్చుకోండి. అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి నేనూ వస్తాను. ఏ రైలుకి వస్తున్నారో చెప్పు, సెంట్రల్‌లో ఉంటాను.

మీ పెద్దమ్మ