మదుము (గట్టు కిందుగా నీరు వదిలే తూము) పక్కన కారే నీరు తేటగా ఉందా, మట్టిగా ఉందా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. ఉత్తరాంధ్రలో మెంటాడ వైపు కొండ కింద ఊరు. గెడ్డ (కొండవాగు) నీరు ఇళ్ల మీదికి రాకుండా ఎప్పుడో కట్టిన మట్టిగట్టు, ఎత్తు 5 మీటర్లు, పొడవు 180. దాని వెనక నిలిచిన నీరే చెరువు. నాలుగు రోజులుగా మదుము గొట్టం బయటికొచ్చే చోట పక్కనుంచి నీరు కారుతోంది. గట్టు అడుగున పొలం పది అడుగుల మేర చిత్తడిగా ఉంది. తుఫాను హెచ్చరిక వచ్చింది. సిమెంటు కొట్టి మూసేద్దామని కొందరు, గట్టు తవ్వి నీరు వదిలేద్దామని కొందరు అంటున్నారు.

రెండూ వద్దు.

మట్టిగట్టన్నాక ఊట ఉంటుంది. తడి చూసి భయపడక్కర్లేదు, ఆ తడిలో మట్టి కొట్టుకొస్తోందా అన్నదే ప్రశ్న. తెల్ల గాజు సీసా ఒకటి తీసుకెళ్లి, అడుగున బురద కదపకుండా, కారే చోటే నీరు పట్టండి. అరగంట కదపకుండా ఉంచండి. అడుగున పొడిలాంటి మట్టి పేరుకుంటే అది గట్టు కడుపులోంచి వస్తున్న మట్టే. ఆ తర్వాత 20 లీటర్ల పెయింటు బకెట్ పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో ఫోనులో చూడండి. 40 సెకన్లయితే సెకనుకు అర లీటరు. పొద్దున, సాయంత్రం ఇదే పని చేసి, పక్కనే చెరువు నీటిమట్టం కూడా రాసుకోండి. మట్టం పెరిగినప్పుడు ఊట కొంచెం పెరగడం మామూలే. మట్టం అలాగే ఉండి బకెట్ త్వరగా నిండుతోందంటే లోపల దారి పెద్దదవుతోంది.

మదుము పక్కనే ఎందుకంటే, గుండ్రటి గొట్టం పొట్ట కింద మట్టిని దిమ్మిసతో సరిగా కొట్టడం కుదరదు. అక్కడ వేలు దూరేంత సందు మిగిలినా చాలు. నీరు బయటివైపునుంచి ఒక్కో రేణువూ ఎత్తుకుపోతుంది, అలా పడిన బొరియ, అదే బుంగ, వెనక్కి, చెరువు వైపు పాకుతుంది. నెలల తరబడి అంగుళం అంగుళం పాకినది, చివరి రెండు మూడు అడుగులూ ఒక్క రాత్రిలో తినేస్తుంది. గట్టు పైన గొట్టం వరుసలో గుంట పడిందేమో చూడండి. పడితే లోపల అప్పటికే డొల్ల అయినట్టు.

సిమెంటు ఎందుకు వద్దంటున్నానంటే, బయట మూసినంత మాత్రాన లోపలి ఒత్తిడి పోదు. నీరు గట్టులోనే పైకి ఎక్కుతుంది, బయటి వాలు నానిపోతుంది. మీటరు పక్కన కొత్త బుంగ తెరుచుకుంటుంది, లేదా వాలే జారుతుంది. నీటిని పోనివ్వాలి, మట్టిని ఆపాలి. దానికి చేసేది వడపోత పరుపు. తడి ఉన్న మేరకు నాలుగు వైపులా ఇంకో మీటరు కలుపుకుని, మొదట 15 సెంటీమీటర్ల ముతక ఇసుక, దాని మీద 15 సెంటీమీటర్ల చిప్స్, ఆ పైన 20 సెంటీమీటర్ల మందాన 40 ఎంఎం మెటల్, ఆఖరున బరువుకు రాళ్లు. నాగావళి ముతక ఇసుక దీనికి బాగా పనికొస్తుంది, ప్లాస్టరింగు సన్న ఇసుక పనికిరాదు. 3 మీటర్ల చదరానికి ఇసుక 1.35 ఘనపు మీటర్లు, చిప్స్ అంతే, మెటల్ 1.8. ట్రాక్టరు లోడ్లలో తేలిపోయే పని. వరుస మాత్రం తిరగబడకూడదు. రాళ్లు ముందు పోస్తే సందుల్లోంచి మట్టి హాయిగా పోతుంది.

పొలంలోని చిత్తడిలో ఎక్కడైనా నీరు బుడబుడమంటూ చుట్టూ చీమలపుట్టలా ఇసుక గుండ్రంగా పేరుస్తోందా? అయితే దాని చుట్టూ మీటరున్నర వెడల్పున ఇసుక బస్తాలతో నుయ్యిలా కట్టండి. బస్తాలు మూడింట రెండు వంతులే నింపి, మూతి మడిచి, ఇటుక పేర్చినట్టు పేర్చాలి. లోపల నీరు ఎక్కే కొద్దీ అడుగున ఉరవడి తగ్గుతుంది. నీరు తేటపడిన ఎత్తులో ఒక పైపు పెట్టి పోనివ్వండి. పూర్తిగా ఆపేద్దామని ఇంకా ఎత్తు లేపకండి.

చెరువు వైపు నీరు ఎక్కడ దూరుతోందో తెలియాలంటే గట్టు మీదినుంచి ఊక చల్లండి. ఒకచోటికి లాగి సుడి తిరిగితే అదే నోరు. అక్కడికి ఎవరూ దిగకూడదు, ఈత వచ్చినవాళ్లయినా సరే. టార్పాలిన్ అంచులకు బస్తాలు కట్టి గట్టు మీదినుంచే వాలు వెంట జార్చి, దాని మీద బంకమట్టి బస్తాలు దింపాలి.

నీటిమట్టం తగ్గించడం మంచిదే, కానీ మదుము మొత్తం ఎత్తేయకండి. తలుపు చెరువు వైపు ఉంటే, మూసి ఉన్నప్పుడు గొట్టంలో ఒత్తిడి ఉండదు. ఎత్తి గొట్టం నిండా పారిస్తే, పగిలిన అతుకుల్లోంచి నీరు గట్టులోకే పోతుంది. గొట్టం సగానికి మించకుండా పారించండి, మిగతాది డీజిల్ ఇంజన్లతో తోడండి. ఇంజన్ల మీద అతిగా ఆశ పెట్టుకోకండి. సెకనుకు 15 లీటర్లు తోడే ఇంజను రోజంతా ఆడితే 1,300 ఘనపు మీటర్లు, నీటి విస్తీర్ణం 5 ఎకరాలుంటే తగ్గేది 6 సెంటీమీటర్లు. ఎలా తగ్గించినా రోజుకు అడుగు దాటొద్దు. నానిన లోపలి వాలుకు నీటి ఆసరా ఒక్కసారిగా పోతే జారిపోతుంది. ఇక గట్టు తవ్వడం అంటారా, పారతో తీసిన చిన్న కాలువ కాసేపట్లో మీ చేయి దాటిపోతుంది. తప్పనిసరైతే గట్టు చివర గట్టినేల మీద, అదీ ఇంజనీరు చూపించిన చోటే.

ఇంత సేపూ బుంగ గురించే చెప్పాను గానీ, తుఫాను రాత్రి నాకు ఎక్కువ భయం కళింగు మీద, అంటే చెరువు నిండాక ఎక్కువైన నీరు పొర్లిపోయే కట్టడం మీద. ఇక్కడి పెద్ద తుఫాన్ల తేదీలు చూడండి: ఫైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11, గులాబ్ 2021 సెప్టెంబరు 26. అప్పటికి చెరువులన్నీ నిండి ఉంటాయి, పడిన వానంతా కళింగు మీదుగానే పోవాలి. చేపల లీజువాళ్లు అక్కడ వల కడతారు, రైతులు ఇంకో అడుగు నీరు కోసం బస్తాలు పేరుస్తారు. 10 మీటర్ల కళింగు మీద 60 సెంటీమీటర్ల మందాన నీరు పొర్లితే సెకనుకు దాదాపు 8 ఘనపు మీటర్లు పోతుంది. 30 సెంటీమీటర్ల ఎత్తున బస్తాలు పేర్చారనుకోండి, అదే మట్టానికి పోయేది 3 లోపే. సగం ఎత్తు మూస్తే సగం కాదు, మూడింట రెండు వంతులు పోయినట్టు. మిగిలింది గట్టు మీదినుంచి పొర్లుతుంది. మట్టిగట్టు దాన్ని తట్టుకోదు. కాబట్టి వల, బస్తాలు ఇవాళే తీయించండి. లీజువాళ్లతో గొడవైనా పర్వాలేదు, చేపలు పోతే పోతాయి.

అలాగే మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో ప్రతి 10 మీటర్లకు గట్టు మట్టం చూడండి. గేదెలు దిగే దారి, ట్రాక్టరు దాటే చోటు తప్పక దిగి ఉంటాయి. పొర్లితే మొదట అక్కడే పొర్లుతుంది. కళింగు మీద గరిష్ఠంగా నీరు పారే మట్టానికి పైన ఎక్కడా మీటరుకు తక్కువ లేకుండా చూసుకోండి. తగ్గిన చోట ఇప్పటికి బస్తాలు, వేసవిలో మట్టి.

నీరు మట్టిరంగు తిరిగి, పరిమాణం కూడా పెరిగితే ఇక మరమ్మతు మాట మర్చిపోండి. దిగువ ఇళ్లు ఖాళీ చేయించి 1077కో 112కో ఫోన్ చేయండి, జలవనరుల శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరు), వీఆర్వోకి చెప్పండి. రాత్రి కాపలాకు ఇద్దరు కలిసే వెళ్లాలి. ఇంకొకటి, 2021 డ్యామ్ సేఫ్టీ చట్టం కింద మీ గట్టు రాదు. అది 15 మీటర్లు దాటినవాటికి, 10 నుంచి 15 మధ్య ఉంటే కొన్ని షరతులకు లోబడినవాటికి. అంటే ఏటా ఎవరో వచ్చి తనిఖీ చేస్తారని కూర్చోకండి.

బీటల సంగతి క్లుప్తంగా: గట్టు పొడవునా ఉన్నవాటి కంటే అడ్డంగా ఉన్నవి ప్రమాదం, నీరు నేరుగా దూరుతుంది. చెట్లు పెద్దవైతే ఇప్పుడు పీకకండి. కొమ్మలు మాత్రం కొట్టేయండి, గాలికి చెట్టు కూలితే వేళ్లతో పాటు గట్టు మట్టీ లేచిపోతుంది.

అసలు పని వేసవిలో ఉంది. మదుము చుట్టూ తవ్వి, గొట్టం అతుకులు చూసి, 15 సెంటీమీటర్ల పొరలుగా మట్టి కొట్టించాలి. మట్టి పిడికిట్లో ఉండ కావాలి, నడుమెత్తునుంచి పడేస్తే నాలుగైదు ముక్కలవ్వాలి. పొడిగా రాలితే తడి చాలదు, చపాతీలా అతుక్కుంటే తడి ఎక్కువ. ఏ మట్టి వాడాలో తేల్చడానికి గోలీ అంత గడ్డను వాననీటి గ్లాసులో వేసి పది నిమిషాలు చూడండి. విరిగి కుప్పగా కూర్చుంటే పర్వాలేదు. చుట్టూ పొగలా మబ్బు కమ్మితే ఆ మట్టి నీటిలో కరిగిపోయే రకం, గట్టు దగ్గరికి రానివ్వొద్దు. బయటి చివర గొట్టం చుట్టూ ముతక ఇసుక కట్టు వేయించండి, గొట్టం చుట్టూ పట్టీల్లా పోసే కాంక్రీటు కాలర్ల కంటే అదే నయం. ఉపాధి పనుల్లో పూడిక తీసేటప్పుడు గట్టు మొదలుకు కనీసం 15 మీటర్ల దూరం వదిలించండి. తీసిన పూడికను గట్టు బయటి వాలు మీద పోస్తామంటే ఒప్పుకోకండి, ఊట దారి మూసుకుపోతుంది, కొత్త తడి కనబడదు కూడా.