మావాడు అడవిలో మంటలు ఆర్పి వచ్చాడు, ఇక అదే ఉద్యోగమంటున్నాడు

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కొబ్బరితోట, కొంచెం వరి ఉన్నాయి. మా అబ్బాయి బీఎస్సీ బోటనీ ఆఖరి ఏడాదిలోకి వచ్చాడు. ఈ వేసవిలో అటవీ శాఖలో ఉన్న మా బావమరిది దగ్గరికి మారేడుమిల్లి వైపు వెళ్లి, ఏప్రిల్, మే నెలలు రోజుకూలీకి ఫైర్ వాచర్‌గా చేశాడు. వచ్చినప్పటి నుంచి ఇంట్లో అవే కబుర్లు. కొండ మీద మంట, మోడు దగ్గర కాపలా, ఇప్పపువ్వు ముసలమ్మ. ఇక అడవి ఉద్యోగమే చేస్తానంటాడు. ఆకులు ఊడ్చే పనికా డిగ్రీ? ఏజెన్సీలో ఉద్యోగమంటే పిల్లనెవరిస్తారు? కంప్యూటర్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం.

జవాబు: ఆ కోర్సు ఫీజు ఒక్క నెల ఆపండి. మీవాడితో ఫోన్లో అరగంట మాట్లాడాను. ఎవరికి ఏ పని నప్పుతుందో తెలుసుకోడానికి మేం కాగితాల మీద పరీక్షలు పెడతాం గానీ, రెండు నెలలు ఎండలో పనిచేసి వచ్చినవాడు పదేపదే ఏ కబురు చెబుతున్నాడో వింటే అంతకన్నా బాగా తెలుస్తుంది.

మొదట కొండ మీది మంట. చీకట్లో అది పైకి ఎగబాకుతుంటే కుర్రాళ్లు గబగబా పైకెళ్లి అడ్డుకుందామన్నారట. సెక్షన్ ఆఫీసర్ కేకలేసి ఆపారు. ఆయన ఆపడమే మంచిదైంది. ఏటవాలు మీద మంట పైకి చాలా జోరుగా పాకుతుంది, కింది వేడికి పైనున్న ఎండుటాకు ముందే కాగి ఉంటుంది మరి. అందుకని పక్కనుంచి వెళ్లి, ఆకులు లాగేసి, మట్టి కనిపించేదాకా నేల శుభ్రం చేశారు. ఫైర్ లైన్ అంటే అదే. మీరు ఊడ్చే పని అన్నదీ అదే. ఆగస్టులో గోదావరి పొంగితే ఏటిగట్టు మీద రాత్రంతా టార్చిలైటుతో బుంగలు వెతికేవాళ్లను మనం అలా తీసిపారేస్తామా? అయినా ఈ కబురుకు నేను పెద్దగా మార్కులు వేయను. ఎర్రటి మంట ఎవరికైనా గుర్తుండిపోతుంది. 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండినప్పుడు రాత్రిళ్లు డాబా ఎక్కి చూసినవాణ్ణే నేనూ. చివరికి ఉద్యోగ సలహాలిచ్చే ఈ కుర్చీలో తేలాను.

నాకు నచ్చింది రెండోది. మంట ఆరింది, అందరూ క్యాంపుకు వెళ్లిపోయారు. మీవాడూ ఇంకో కుర్రాడూ కాలిన మోడు దగ్గర కాపలా ఉన్నారు. తెల్లవారుజామున మూడింటికి మోడు మొదట్లోంచి సన్నగా పొగ. చెయ్యి తిరగేసి, వెనకవైపు మట్టికి దగ్గరగా పెట్టి సెగ ఎక్కడుందో చూసుకున్నారు. అక్కడ తవ్వితే వేరు ఎర్రగా ఉంది. వాగు నుంచి మోసుకొచ్చిన క్యాన్ నీళ్లు పోసి, మట్టి కలిపి, మళ్లీ చెయ్యి పెట్టి చూశారు. కొబ్బరి పీచు గుట్ట సంగతి మీకు నేను చెప్పాలా? పైన చల్లారినట్టే ఉంటుంది, లోపల రాజుకుంటూనే ఉంటుంది. ఇందులో ఫొటో తీసుకునేంత ఏమీ లేదు. అయినా ఫోన్లో దీని గురించే ఎక్కువసేపు చెప్పాడు.

ఇక ఇప్పపువ్వు ముసలమ్మ. ఇప్పపువ్వు రాత్రి రాలుతుంది, పొద్దున్నే ఏరుకుంటారు. ఆకుల్లో పువ్వు కనపడదని చెట్టు కింద ముందే కాల్చేస్తారు. బీడీ ఆకు చిగురు బాగా వస్తుందనీ కొందరు నిప్పు పెడతారు. ఎవరికీ అడవిని తగలబెట్టాలని ఉండదు, కానీ గాలి లేస్తే ఆ చిన్న మంటే కొండెక్కుతుంది. మీవాడు వద్దంటే ఆవిడ, "అయితే నువ్వొచ్చి ఊడ్చిపెట్టు" అందట. వారం రోజులు నాలుగు చెట్ల కింద ఊడ్చిపెట్టాడు. పోయేరోజు దోసెడు వేయించిన పువ్వు చేతిలో పోసిందట. ఈ రోజుల్లో మంట ఎక్కడుందో ఉపగ్రహం చూసి చెబుతుంది, డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే నుంచి సిబ్బంది ఫోన్లకు మెసేజ్ వస్తుంది. ముసలమ్మను ఒప్పించడం మాత్రం మనిషే చేయాలి. బీట్ అంటే అడవిలో ఒకరికి అప్పగించిన భాగం, దాన్ని చూసుకునే బీట్ ఆఫీసర్ ఉద్యోగంలో సగం అదే.

కాబట్టి దారి చూద్దాం. వాచర్ పని సీజన్‌కే, ఏళ్ల తరబడి చేసినా దానంతటదే పర్మినెంట్ అవుతుందని నమ్ముకోవద్దు. బీట్ ఆఫీసర్ పోస్టులు ఏపీపీఎస్సీ భర్తీ చేస్తుంది, చదువు ఇంటర్ చాలు. పరీక్షతో పాటు మగవాళ్లు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి. అంటే కిలోమీటరుకు తొమ్మిదిన్నర నిమిషాలు, ఆగకుండా. మనవాళ్లు చాలామంది పుస్తకాలు చదివి దీన్ని వదిలేస్తారు. కాలవగట్టు మీద ఇప్పటి నుంచే అలవాటు చేయండి. బోటనీ డిగ్రీ చేతికొస్తే సెక్షన్ ఆఫీసర్, రేంజ్ ఆఫీసర్ పోస్టులకూ, యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కూ ప్రయత్నించవచ్చు. దానికి ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే ఉంటుంది. రాష్ట్ర అటవీ శాఖ శిక్షణ అకాడమీ కూడా ఎక్కడో లేదు, రాజమండ్రి పక్కన దివాన్‌చెరువులోనే ఉంది.

అయితే నోటిఫికేషన్లు ఏటా రావు. అందుకే కంప్యూటర్ కోర్సు మాట పూర్తిగా కొట్టేయను. జీఐఎస్ నేర్పించండి. ఉపగ్రహ చిత్రాల మీద మ్యాపులు తయారుచేసే పని అది, అటవీ శాఖలో పనికొస్తుంది, బయటా పనికొస్తుంది. ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా అంటూ బస్టాండు గోడల మీద కనిపించే ప్రకటనలకు మాత్రం ఆ సర్టిఫికెట్‌కు గుర్తింపు ఉందో లేదో చూడకుండా ఒక్క రూపాయి కట్టొద్దు.

పెళ్లి సంబంధాల బెంగకు నా దగ్గర మందు లేదు. మీ ఆవిడ తరఫువాళ్లలో ఒకాయన ఆ ఉద్యోగంలోనే ఉన్నారుగా, ఆయన్నే అడగండి.

ఇంకొకటి. రేంజ్ ఆఫీసు నుంచి ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ బీట్‌లో, ఏం పని చేశాడో రాయించి సంతకం పెట్టించుకున్నాడా? లేదన్నాడు. అక్కడి అధికారి బదిలీ అయిపోతే ఆ కాగితం దొరకడం కష్టం. ఈ వారమే వెళ్లి తెచ్చుకోమనండి.