కందికట్టె మోపు వెనక పొదుగుతున్న పెట్ట

చి.ల.సౌ. సుజాతకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నాలుగు రోజులుగా గూటికి రాని నల్లపెట్టను కుక్కలు ఎత్తుకుపోయాయని మీరంతా ఆశ వదులుకున్నాక, అది దొడ్లో కందికట్టె మోపు వెనక పదకొండు గుడ్ల మీద కూర్చుని కనిపించిందని నువ్వు రాసిన ఉత్తరం చదివి సంతోషించాను. దానిని ఇంట్లోకి తెచ్చి గంపలో పొదగవేయమని మీ అత్తగారు, ఉన్నచోటనే ఉండనివ్వమని మీ ఆయన అంటున్నారని, ఎవరి మాట వినాలో తోచడం లేదని రాశావు. ఈ విషయంలో నేను మీ ఆయన పక్షమే. ఆ సంగతి మాత్రం మీ అత్తగారి దగ్గర నా పేరు పెట్టి చెప్పవద్దు.

నా కాపురం కొత్తలో ఒక పెట్ట గడ్డివాము అడుగున పదమూడు గుడ్లు పెట్టుకుని కూర్చుంటే, పిల్లి భయం కొద్దీ నేను మిట్టమధ్యాహ్నం వేళ గుడ్లన్నీ ఊక పోసిన గంపలోకి మార్చి, దానిని కూడా పట్టుకొచ్చి వాటి మీద కూర్చోబెట్టాను. గంప ఎత్తిన మరుక్షణం అది వాము దగ్గరికే పరుగెత్తి, ఖాళీ నేల మీద కూర్చుని, లేని గుడ్లను ముక్కుతో పొట్ట కిందికి జరుపుకుంటూ రెండు రోజులు గడిపింది. గంపలో గుడ్లన్నీ చల్లారి మురిగిపోయాయి. పొదుగు మీదికి వచ్చిన కోడికి గుడ్ల కన్నా ముందు ఆ చోటే మనసుకు పడుతుందని నాకు ఆనాడు తెలిసింది. గూట్లోకి నీళ్లు వచ్చినా, అక్కడ పాము తిరుగుతున్నట్టు కనిపించినా తప్పనిసరిగా మార్చవలసి వస్తే, బాగా చీకటి పడ్డాక, దీపం ఆర్పి, గుడ్లతోపాటు వాటి కింది గడ్డిని కూడా తెచ్చి, మెల్లగా కూర్చోబెట్టి, తెల్లవారేదాకా గంప కమ్మి ఉంచాలి. చీకట్లో కోడికి చూపు ఆనదు కనుక అది లేచి వెళ్లడానికి వెనకాడుతుంది.

పదకొండు గుడ్లూ ఒకేరోజు పెట్టినవి కావు గదా, పిల్లలు తలా ఒకరోజు వస్తాయా అని అడిగావు. పెట్ట వాటి మీద నిలిచి కూర్చుని వెచ్చబెట్టే వరకు గుడ్డులో పిల్ల ఎదగదు. అందుకే పది పన్నెండు రోజుల తేడాతో పెట్టిన గుడ్లు కూడా దాదాపు ఒకేసారి పగులుతాయి. లెక్క మొదటి గుడ్డు నుంచి కాక, అది రాత్రి కూడా లేవకుండా కూర్చున్న రోజు నుంచి వేసుకోవాలి. అక్కడి నుంచి 21 రోజులు. మీ పెట్ట బుధవారం నుంచి గూటికి రాలేదన్నావు కాబట్టి, సరిగ్గా మూడు వారాలకు వచ్చే బుధవారం నాడు పిల్లలు రావాలి. ఒకరోజు అటూ ఇటూ కావచ్చు. మీ దొడ్లో పుంజు తిరుగుతున్నదే కనుక గుడ్లు వట్టివని భయపడనక్కరలేదు.

మిగతా పెట్టలు ఆ గూడు చూసి అందులోనే గుడ్డు పెట్టి పోవడం నేను చాలాసార్లు చూశాను. అలా చేరిన గుడ్లు వెనకబడిపోవడమే కాక, అసలు గుడ్లను పొట్ట కింది నుంచి పక్కకు నెడతాయి. అందుకని పెట్ట మేతకు లేచినప్పుడు ఇప్పుడున్న పదకొండింటి మీద పెన్సిలుతో తేలికగా ఒక గీత గీసి పెట్టు; తర్వాత గీత లేనిది కనిపిస్తే తీసి వండుకోండి. మీ ఆయన తెచ్చిన వనరాజా పెట్టలు సాధారణంగా పొదగవు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థవారు పెరటికోసం తయారుచేసిన ఆ రకంలో పొదిగే గుణం తక్కువ. వాటి గుడ్లు పిల్లలు కావాలంటే వచ్చేసారి ఈ నల్లపెట్ట కిందనే పెట్టాలి.

పొదిగే కోడి రోజుకు ఒక్కసారి, పావుగంటో ఇరవై నిమిషాలో మాత్రమే లేస్తుంది. ఆ కాస్త సేపట్లోనే గబగబా నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, పెద్ద రెట్ట వేసి, దుమ్ములో పొర్లి వెనక్కి పోతుంది. దాని రెట్ట మామూలుకన్నా రెండింతలు ఉండి గట్టిగా కంపు కొడుతుంది. అది చూసి జబ్బనుకోవద్దు. గూటికి పది అడుగుల దూరంలో ఒక మూకుడులో నీళ్లు, పక్కన కాసిని జొన్నలో మొక్కజొన్నలో ఉంచితే చాలు. గూటి ఒడ్డునే మేత పెడితే చీమలు, పందికొక్కులు దారి పడతాయి.

నిజమైన భయం రాత్రిపూట. పిల్లి, ముంగిస, జెర్రిపోతు, వీధి కుక్క, వీటిలో ఏది వచ్చినా చీకట్లో ఆ పెట్ట ఏమీ చేయలేదు. అందుకని పొద్దుగూకగానే గూటి మీద పెద్ద వెదురు గంప బోర్లించి పైన బరువైన రాయి పెట్టి, తెల్లవారగానే తప్పకుండా తీసెయ్యి. మీ దొడ్లో పాములు తిరుగుతాయంటావు కాబట్టి, గంప చుట్టూ అరంగుళం కన్నున్న ఇనుప జాలిని కూడా చుట్టి, అంచును మట్టిలో పూడ్చడం మంచిది. ఇది కార్తీకం, తుపాను వాన ఎప్పుడు కురుస్తుందో చెప్పలేము. మోపు మీద రెండు తాటాకులు కప్పి, గూటికి మూరెడు ఎగువన చిన్న కాలువ తీసి నీళ్లను పక్కకు మళ్లించు. రేకు మాత్రం వేయవద్దు, వాన వెలిసి ఎండ కాస్తే కింద పెట్ట ఉడికిపోతుంది.

ఇరవయ్యో రోజు నుంచి పెట్ట మేతకు కూడా లేవదు. అప్పటికే గుడ్ల లోపలి నుంచి కిచకిచలు మొదలవుతాయి. పెట్ట కూడా గొంతు తగ్గించి కొరకొరమంటూ జవాబు చెబుతుంది. గుడ్డు మీద నక్షత్రంలా చిన్న పగులు కనిపించాక పిల్ల బయటపడడానికి అరపూటకు పైనే పడుతుంది, ఒక్కోసారి పగలూ రాత్రీ గడిచిపోతుంది. ఆ ఆలస్యం చూడలేక పెంకు ఒలిచినవాళ్లలో నేనూ ఉన్నాను: లోపలి పొరలో ఇంకా నెత్తురు నాళాలున్నాయని అది కారినప్పుడే తెలిసింది. ఆ రెండు రోజులు నీ పని ఒక్కటే. తడి పెంకు వాసనకు ఎర్రచీమలు వస్తాయి కాబట్టి గూటికి అడుగు దూరంలో పొడి బూడిదతో గుండ్రంగా గట్టు పొయ్యి.

వచ్చిన పిల్లలకు మేత పెట్టాలని తొందరపడవద్దు. కడుపులో మిగిలిన పచ్చసొన వాటికి రెండు రోజులు సరిపోతుంది. ఆ వ్యవధిలోనే వెనకబడిన గుడ్లు కూడా పగులుతాయని తల్లి కదలకుండా కూర్చుంటుంది. అది పిల్లలను వెంటబెట్టుకుని బయలుదేరిన తర్వాత మిగిలిన గుడ్లను చెవి దగ్గర పెట్టుకుని విను. సడి ఉన్నదానిని ఆ రాత్రే తల్లి రెక్క కిందికి తోసి చూడు, లేనివాటిని లోతుగా పూడ్చు. పైపైన పారేస్తే కుక్కకు గుడ్డు రుచి తెలుస్తుంది.

గూడు విడిచిన మొదటి రాత్రి తల్లి ఎక్కడ చీకటి పడితే అక్కడే పిల్లలను కప్పుకుని కూర్చుంటుంది. కాబట్టి ఎండ వాలకముందే అన్నింటినీ గంప కిందికి తోలు. సన్నటి నూకలు, కొర్రలు, దొరికితే కాసిన్ని చెదలు పెట్టు. నీళ్ల మూకుడులో గులకరాళ్లు వేయకపోతే పిల్లలు మునిగిపోతాయి. వారం లోపల కొక్కెర తెగులు రాకుండా కంట్లో చుక్కలుగా వేసే టీకా మందు పశువుల ఆసుపత్రిలో అడుగు. ఆ సీసా ఒక్కసారి కలిపితే నూరు పిల్లలకు వస్తుంది, నిలవ ఉండదు. ఇరుగుపొరుగువారిని కూడా అదే రోజు రమ్మని చెప్పి, మంచుముక్కల మధ్య పెట్టి తెచ్చుకోండి.

ఆ కందికట్టెలోంచి పొయ్యిలోకి రోజూ నాలుగు పుల్లలు లాగుతారని రాశావు. ఈ మూడు వారాలూ వంటకు వేరే మోపు విప్పుకోండి. పిల్లలొచ్చే బుధవారం నాడైతే ఆ వైపు పనిమనిషిని కూడా పోనివ్వకు.

మీ పెద్దమ్మ